అప్‌డేట్: క్రేన్‌లిఫ్ట్‌తో బిల్డ్ చేసిన రస్ట్ ప్రోగ్రామ్ ఆగిపోవడం – పరిష్కారమైంది

పర్లాకిమిడిలోని మా రైస్‌మిల్లు కోసం రస్ట్ ప్రోగ్రామింగ్ భాషలో రాస్తున్న లెక్కల ప్రోగ్రామ్, డెవలప్‌మెంట్ బిల్డులకు (రాస్తూ పరీక్షించుకునేందుకు చేసేవి) కోడ్‌ను ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చే ఎల్‌ఎల్‌వీఎం బదులు, అదే పని చేసే క్రేన్‌లిఫ్ట్ పెట్టినప్పటి నుంచి, తూకం చీటీ ఫొటో తెరవగానే ఆగిపోతోందని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఫొటోల సైజు తగ్గించే లైబ్రరీ ప్రాసెసర్‌లోని సిమ్డ్ ఆదేశాలను (ఒకే లెక్కను ఒకేసారి అనేక విలువలపై చేసేవి) నేరుగా వాడుతోంది. వాటిలో కొన్నింటికి క్రేన్‌లిఫ్ట్‌లో ఇంకా మద్దతు లేనందున, బిల్డ్ ఒక హెచ్చరికతో పూర్తయినప్పటికీ, నడిచేటప్పుడు సరిగ్గా ఆ చోటికి రాగానే ప్రోగ్రామ్ ఆగుతోంది. రస్ట్ బిల్డ్ సాధనమైన కార్గో ఫైలులో డెవ్ ప్రొఫైల్ (డెవలప్‌మెంట్ బిల్డుల సెట్టింగులు) కింద ఆ ఒక్క లైబ్రరీ ప్యాకేజీకి మాత్రం కోడ్‌జెన్ బ్యాకెండ్‌గా, అంటే ఆదేశాలు తయారుచేసే భాగంగా, ఎల్‌ఎల్‌వీఎంను రాసి, మిగిలినదంతా క్రేన్‌లిఫ్ట్‌కే వదిలేయమన్న సలహా పనిచేసింది. ఆ లైబ్రరీ ఒకసారి బిల్డ్ అయితే చాలు, మన కోడ్ మార్చినప్పుడల్లా మళ్ళీ బిల్డ్ కాదు కాబట్టి బిల్డ్ వేగానికి లోటు రాలేదు. ఇది నాకెంతో సంతోషం కలిగించింది.

ర్యామ్‌కు, లింకర్‌కు (బిల్డ్ ముక్కలను ఒకటిగా కలిపే సాధనం) దీనితో సంబంధం లేదు. చీటీలపై ఒడియా, తెలుగు లిపులు కలిసి ఉండటమే కారణమన్న అనుమానానికీ ఆధారం దొరకలేదు.

క్రేన్‌లిఫ్ట్‌కు నైట్లీ టూల్‌చెయిన్ (రోజూ విడుదలయ్యే ప్రయోగాత్మక రస్ట్ వెర్షన్) తప్పనిసరి. అది కోడ్‌ను త్వరగా తయారుచేస్తుందే గాని ఎల్‌ఎల్‌వీఎం అంతగా మెరుగుపరచదు కనుక, మిల్లులో పెట్టే రిలీజ్ బిల్డును ఎల్‌ఎల్‌వీఎంతోనే చేస్తున్నాను.