గుడ్డు లేకుండా సిమ్నెల్ కేక్ ఎవరైనా చేశారా?
మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. ఇక్కడ మదర్స్ డే మేలో కాదండీ, ఈస్టర్‌కి ముందు లెంట్ అనే క్రైస్తవుల ఉపవాస రోజుల్లో నాలుగో ఆదివారం. మదరింగ్ సండే అంటారు. మే రెండో ఆదివారం అమెరికా లెక్క, 1914లో వాళ్ల అధ్యక్షుడు విల్సన్ ప్రకటించింది. ఇక్కడిది అంతకంటే చాలా పాతది. పెద్దిళ్లలో పనికి కుదిరిన పిల్లలు ఆ రోజు సెలవు దొరికితే దారిపక్క పూలు కోసుకుని అమ్మ దగ్గరికి వెళ్లేవారట.

ఆ రోజు చేసే సిమ్నెల్ కేక్ మా అమ్మకి చేసిపెడదామని నా ఆశ. ఆవిడ గుడ్డు ముట్టదు. పెరుగు, వంటసోడా వేసి ఒకసారి చేసి చూశాను. ఎండుపళ్లు కలిపిన పిండి మధ్యలో మార్జిపాన్, అంటే బాదంపొడి, పంచదార ముద్ద, ఒక పొరగా పెట్టాలి. ఓవెన్‌లో గంటన్నర ఉండేసరికి అది కాస్తా కరిగి అడుగుకి దిగి గిన్నెకి అంటుకుపోయింది. పైన పెట్టే పదకొండు ఉండలు మాత్రం (యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఆయన్ని పట్టించిన జుడాస్‌ని తీసేసిన లెక్క) చక్కగా కుదిరాయి. అమ్మ వాటినే బాదం లడ్డూలనుకుని సగం తినేసింది.

ఆ పొర కరగకుండా ఉండాలంటే పంచదార తగ్గించాలా, పిండే ఇంకాస్త గట్టిగా కలపాలా? చేసి చూసినవాళ్లు కొలతలతో చెప్పరూ?