తమ్ముడికి కశ్మీర్ పోస్టింగ్. ఫోన్ రాని రోజుల్లో మీ ఇళ్లల్లో ఏం చేస్తారు?

ఆదోని ఆడపడుచు
మాది ఆదోని పక్కన పల్లె. తమ్ముడు అగ్నివీర్‌గా ట్రైనింగ్ ముగించుకొని మొదటి పోస్టింగ్‌కు కశ్మీర్ పోయినాడు. ట్రైనింగ్‌లో ఆదివారం వస్తే ఫోన్ చేసేవాడు. ఇప్పుడు వారం దాటినా ఒక్కోసారి ఉలుకూ పలుకూ ఉండదు. టీవీలో కశ్మీర్ అన్న మాట వినపడితే చాలు, అమ్మ తినే అన్నం ముందు నుంచి లేచిపోతుంది. మీ ఇళ్లల్లో ఫౌజీలు ఉంటే చెప్పండి. అక్కడ వాళ్ల రోజు ఎట్లా గడుస్తుంది? ఫోన్ కలవకపోతే మీరు ఏం చేస్తారు?

అనంతపురం సాపర్
అక్కా, నేను సర్వీసులోనే ఉన్నా, ఇప్పుడు లీవులో ఇంటికొచ్చినా. ముందు సిమ్ సంగతి కనుక్కో. మన దగ్గర తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పని చేయదు. పోస్ట్‌పెయిడ్ అయితేనే రోమింగ్‌లో నడుస్తుంది. కొత్తగా పోయిన పిల్లల ఇళ్లల్లో సగం టెన్షన్ దీనివల్లే.

ఇంక రోజు గురించి. తెల్లారకముందే లేవాలి. పీటీ, నాష్తా, ఫాలిన్ అంటే అందరూ వరసలో నిలబడడం, ఆ పూట చెప్పిన పని, మధ్యాహ్నం లంగర్‌లో, అంటే మా వంటశాలలో, రొట్టె, పప్పు, అన్నం, సాయంత్రం గేమ్స్, రాత్రి రోల్‌కాల్. ఫోన్ తీరుబడిగా చేతికొచ్చేది ఆ తర్వాతే. అప్పుడే సెంట్రీ డ్యూటీ పడిందంటే అదీ లేదు. రెండు గంటలు నిలబడి వచ్చి పడుకుంటాం, కన్ను అంటుకునేసరికి మళ్లీ లేపుతారు. డ్యూటీలో ఫోన్ దగ్గర ఉండదు. పై పోస్టుకు పంపితే సిగ్నలే దొరకదు. అక్కడ బుఖారీ అని కిరోసిన్‌తో మండే పొయ్యి ఉంటుంది. తడిసిన సాక్సులు దాని పక్కన ఆరేసుకొని, అవి కాలిపోకుండా ఒకరి తర్వాత ఒకరు కాపలా కాస్తాం. మేం మాట్లాడుకునేది కూడా ఆ పొయ్యి చుట్టూనే. బిహార్ వాడు వాళ్ల ఊరి సంగతులు చెప్తాడు, నేను ఉగ్గాని బజ్జి గురించి చెప్తా.

ఫోన్ రాలేదంటే చాలాసార్లు కారణం ఇదే. అమ్మకు ఈ మాట గట్టిగా చెప్పు.

ప్రొద్దుటూరు మాజీ హవల్దారు
అమ్మా, మా కాలంలో ఇంటి నుంచి టెలిగ్రాం వచ్చిందంటే విప్పడానికి చేతులు వణికేవి. దాంట్లో మంచి వార్త వచ్చేది తక్కువ. ఆ టెలిగ్రాం 2013 జూలైలో ఆగిపోయింది. మంచు పోస్టుల్లో శాటిలైట్ ఫోన్‌కు నిమిషానికి 5 రూపాయలు పడేది. 2017 దీపావళి నుంచి సైనికులకు 1 రూపాయి చేసినారు. అంతకు ముందు ఎవరికైనా మాట గుండెల్లో ఉన్నా కన్ను గడియారం మీదే ఉండేది.

ఉత్తరం మాత్రం మానొద్దు. ఫోన్ మాట అప్పటికే అయిపోతుంది, ఉత్తరాన్ని డ్యూటీ దిగొచ్చి మళ్లీ చదువుకోవచ్చు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ రాసి, కింద కేరాఫ్ 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో, వాడు ఏది చెప్తే అది రాయి. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. ఊరి పేరు రాయకూడదు. ప్రైవేటు కొరియర్ అక్కడికి పోదు, పోస్టాఫీసులోనే వెయ్యాల.

బద్వేలు నాయన
నా కొడుకు కూడా ఫౌజే. నేను ఇంటి కష్టాలు వాడికి చెప్పను. బోరు ఎండిపోయిందని, చీనీ చెట్లు కొట్టేసినామని తుపాకి పట్టుకొని నిలబడినోడికి ఎందుకు? వాడు అక్కడ నుంచి నీళ్లు తెస్తాడా? ఫోన్ వస్తే తిన్నావా అంటా, వాళ్లమ్మకు ఇస్తా.

ఉరవకొండ కోడలు
నాయనా, బోరు సంగతి దాచితే దాచండి. మనిషికి ఒంట్లో బాగాలేకుంటే మాత్రం దాచొద్దు. మా అత్తను అనంతపురంలో ఆసుపత్రిలో చేర్చిన పూటే నేను ఫౌజ్‌లో ఉన్న మా ఆయనకు చెప్పినా. బంధువులంతా నా మీద లేచినారు. నేను చెప్పకుంటే ఊర్లో ఎవరో ఒకరు వాట్సాప్‌లో పెట్టేవాళ్లు. తల్లి సంగతి పరాయి వాళ్ల నుంచి తెలిస్తే ఆ మనిషికి ఎట్లా ఉంటుంది? అప్పటి నుంచి, నా భార్య ఏమీ దాచదు అని ఆయనకు నమ్మకం. నేను బాగుందంటే బాగున్నట్టే అనుకొని నిద్రపోతాడు.

అనంతపురం సాపర్
వదిన చెప్పిందే సరి. సుబేదార్ సాబ్ ముందుకు పోయి లీవు అడగాలంటే కారణం పక్కాగా తెలియాల. పైగా లీవు లెక్క కూడా చూసుకోవాలి. మాకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్, 30 రోజుల క్యాజువల్ ఉంటుంది. అగ్నివీర్‌కు 30 రోజులే. రానూపోనూ రైల్లోనే రోజులు పోతాయి. అక్కా, ఢిల్లీ నుంచి కర్ణాటక ఎక్స్‌ప్రెస్ మీ ఆదోని మీదుగానే వస్తుంది. కర్నూలు, కడప వాళ్లకు ఏపీ సంపర్క్ క్రాంతి. పెళ్లిచూపులు, పొలం రిజిస్ట్రేషన్, గుడి మొక్కు అన్నీ ఆ సెలవులోనే పెట్టి పిల్లోణ్ణి తిప్పొద్దండి. రెండు రోజులు ఊరికే నిద్రపోనివ్వండి.

ప్రొద్దుటూరు మాజీ హవల్దారు
బద్వేలు అన్నకు ఒక మాట. పొలం గట్టు తగాదా లాంటిది ఉంటే దాచొద్దు. కొడుకు యూనిట్‌లో చెప్పుకుంటే సీఓ సాబ్, అంటే యూనిట్ పెద్ద ఆఫీసరు, కలెక్టరుకు ఉత్తరం రాస్తాడు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి పోయినా దారి చూపిస్తారు. అది మనకున్న హక్కు, ఎవరి దయా కాదు.

పెళ్లయిన వాళ్లు పార్ట్ టూ ఆర్డర్, అంటే ఇంటి వివరాలు సర్వీసు రికార్డులో ఎక్కించే ఆర్డర్, పడిందా లేదా అడగండి. పెళ్లి, బిడ్డ పుట్టడం అన్నీ రికార్డులో ఎక్కాల. ఆధార్‌లో ఒక పేరు, అక్కడ ఇంకో పేరు ఉంటే రేపు పింఛను దగ్గర ఆడబిడ్డలు తిరగలేక తిరుగుతున్నారు. నేను కళ్లారా చూస్తున్నా.

ఉరవకొండ కోడలు
ఇంకోటి చెల్లీ. ఎక్కడున్నావు, ఎప్పుడు కదులుతారు అని ఫోన్లో అడగొద్దు. యూనిఫాం ఫోటో స్టేటస్‌లో పెట్టొద్దు. మా పిల్లలకు కూడా ఇదే నేర్పినా. తమ్ముడితో పాటు ఉండే ఒకరిద్దరి నంబర్లు తీసి పెట్టుకో. వాళ్ల ఇంటివాళ్ల నంబర్లు కూడా. ఒకరికి కలిస్తే అందరికీ కబురు తెలుస్తుంది. మేం అట్లనే నెట్టుకొస్తున్నాం.

బద్వేలు నాయన
గట్టు తగాదా ఉంది. ఈసారి ఫోన్ వస్తే చెప్తా. బోరు సంగతి మాత్రం చెప్పను.

ఆదోని ఆడపడుచు
అందరికీ దండాలు. నిన్న రాత్రి ఫోన్ వచ్చింది, అన్న చెప్పినట్టే సిమ్ సమస్యే. స్నేహితుడి ఫోన్ నుంచి చేసినాడు. పోస్ట్‌పెయిడ్ చేయించుకోమని చెప్పినా. వాడు అడిగింది ఒక్కటే, ఊరిమిండి పచ్చడి పంపమన్నాడు. పంపితే నిలుస్తుందా?

ఉరవకొండ కోడలు
ఊరిమిండి నిలవదు చెల్లీ, దాంట్లో తడి ఉంటుంది. చెనిక్కాయల పొడి, నిప్పట్లు పంపు. పొడిని రెండు కవర్లలో కట్టి, డబ్బాలో పెట్టి, మూతకు టేపు చుట్టు. పచ్చడి సీసా పెట్టొద్దు, నూనె కారిందంటే మిగతావీ పాడవుతాయి. కొంచెం ఎక్కువే చెయ్యి. అక్కడ డబ్బా విప్పితే గదిలో వాళ్లంతా చెయ్యి పెడతారు.