అప్‌డేట్: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో లిస్బన్ కోటకు వెళ్లివచ్చాం

మోకాళ్ల నొప్పులున్న అమ్మను లిస్బన్‌లోని సావ్ జార్జ్ కోటకు మెట్లెక్కించకుండా ఎలా తీసుకెళ్లాలని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. ఇదే సందేహంతో వెతికేవారి కోసం ఫలితం రాస్తున్నాను.

ఎక్కువ మంది సూచించిన 28వ నంబరు ట్రామ్ మాకు పనికిరాలేదు; అది బయలుదేరే మార్తిమ్ మొనీజ్ చౌకు వద్ద వరుస చాలా పెద్దది, పైగా ఆ పాతకాలపు పెట్టెల మెట్టు అమ్మకు అందనంత ఎత్తు. 1902 నాటి సాంతా జుస్తా లిఫ్టుకూ కోటకూ సంబంధమే లేదు, అది ఎదుటి కొండమీది కార్ము వైపు చేరుస్తుంది.

పనిచేసింది రువా దుష్ ఫాంకైరుష్ వీధిలోని ఉచిత లిఫ్టు. మామూలు ఇంటి గుమ్మంలా కనిపించే ఆ భవనంలో పైకి వెళ్లి, రోడ్డు దాటి, పార్కింగ్ భవనంలోని రెండో లిఫ్టు ఎక్కితే ఎక్కుడులో అధికభాగం తప్పిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఫిగేయిరా చౌకుకు దిగే 737 బస్సు ఎక్కాం.

ఎవరూ చెప్పనిది ఒకటుంది. అరిగి నున్నబడిన సున్నపురాయి ముక్కల కాలిబాటలు చినుకు పడితే చాలు, జారుతాయి. అమ్మ గోడ పట్టుకునే నడిచింది. అడుగున పట్టున్న బూట్లు తప్పనిసరి.

లిస్బన్‌లోనే నది ఒడ్డున ఉన్న బెలేమ్ పేట చదునుగా ఉంటుంది కనుక అక్కడ ఇబ్బంది లేదు. 1524లో మన కొచ్చిన్‌లో మరణించిన వాస్కో డ గామా సమాధి అక్కడి జెరోనిముష్ మఠం చర్చిలోనే ఉంది. గుడ్డు తినని వారు మాత్రం ఆ పేటలో పేరుపడ్డ కస్టర్డ్ టార్టుల్లో పచ్చసొన ఉంటుందని గమనించగలరు.