వానలు మొదలయ్యాయి, మునగచెట్టు ఇప్పుడు కొట్టించొచ్చా?

కొత్తపెరడు: మాది ఖమ్మం. పెరట్లో మునగచెట్టు మిద్దె దాటి పెరిగింది. మృగశిర కార్తె రాగానే వాన, ఈదురుగాలి. కొమ్మ విరిగి కరెంటు తీగల మీద పడుతుందేమోనని టెన్షన్. వానల్లో నరికితే చెట్టు చస్తుందని మా అత్తగారంటున్నారు. ఏం చేయాలి?

మిద్దెసాగు: ఆలోచించడానికేముంది, కొట్టించండి. మునగ కలపలో బలం ఉండదు, గాలికి పుటుక్కున విరుగుతుంది. పీకేఎం-1 అనే మునగ రకం వేసిన రైతులు కాపు అయిపోగానే నేలకు మూడడుగుల ఎత్తులో నరికేస్తారు. నాలుగైదు నెలల్లో మళ్లీ కాయలు. చెట్టు చస్తే వాళ్లెందుకు నరుకుతారు?

గోదారిగట్టు: రైతు వేసింది విత్తనంతో పెరిగే ఏడాది ములగ. వీళ్లది కొమ్మ పాతి పెంచిన పాత చెట్టు అయ్యుంటుంది. లావు కొమ్మ నరికితే ఆ కోతలోకి వాననీళ్లు దిగి లోపల కుళ్లు పడుతుంది. అసలే ములగ మొదట్లో నీళ్లు నిలిస్తే ఓర్చుకోదు. తీగల వైపున్నవి తీయించి మిగతావి వానలు వెళ్లాక చూడండి.

మిద్దెసాగు: కోత ఏటవాలుగా ఉంటే నీళ్లెలా దిగుతాయండీ? పైన కుళ్లు పట్టకుండా బోర్డో పేస్టు పూస్తే సరి. మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు, విడివిడిగా కరిగించి కలిపితే మొత్తం లీటరు నీళ్లు. ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపండి, ఇనుము వద్దు.

ఆవకాయజాడీ: ఇంత హంగామా ఎందుకు? కోత మీద పేడముద్ద పెట్టండి. మా నాయనమ్మ అదే చేసేది.

మిద్దెసాగు: పేడ తడిని పట్టి ఉంచుతుంది. వానల్లో కోత ఆరాలా, నానాలా?

ఆవకాయజాడీ: మా చెట్టు ఇంకా కాస్తోంది మరి.

గులాబీరెమ్మ: ఆషాఢంలో మునగాకు పప్పు తిన్నాక కొట్టుకోండి బాబూ.

మిద్దెసాగు: ఆషాఢం దాకా ఆగితే గొంగళిపురుగులు దిగుతాయి. పగలంతా మాను మీద గుంపుగా, రాత్రి ఆకు మీద. వాటి వెంట్రుకలు తగిలితే దద్దుర్లు. పోయినేడు మా పిట్టగోడ మీదుగా గదిలోకి వచ్చాయి, పాప ఒళ్లంతా వాచిపోయింది.

గోదారిగట్టు: చెట్టు మీదేనా?

మిద్దెసాగు: పక్కింటివాళ్లది. చెప్పి చెప్పి విసుగొచ్చి, మా వైపు వాలిన కొమ్మలన్నీ నేనే కొట్టించాను.

గోదారిగట్టు: అదీ సంగతి! ఏటవాలు కోతా, పేస్టూ అని ఇందాకట్నుంచి చెప్తుంటే ఏమో అనుకున్నాను. మేం ఊరెళ్లినప్పుడు మా ములగచెట్టుకీ ఇదే గతి పట్టించారు. పక్కవాళ్లు ఒక వైపు మొత్తం చెక్కేశారు. బరువంతా రెండో వైపు పడి, గాలివానకి చెట్టు వేళ్లతో సహా లేచిపోయింది. అడిగితే ‘మా వైపు కొమ్మలే కదా’ అన్నారు.

మిద్దెసాగు: మీ పక్కింటివాళ్ల మీద కోపం నా మీద చూపిస్తే ఎలా? పిల్ల ఏడుస్తుంటే ముహూర్తం చూడమంటారా?

గోదారిగట్టు: పురుగు పడితే చెట్టు నరుకుతారా? అవి పగలు మాను మీద గుంపుగా ఉంటాయని మీరే అన్నారు. చీపురుతో సబ్బునీళ్లలోకి దులిపేస్తే పోతాయి. మాకు ఒక్క మాట చెప్తే మేమే చేసేవాళ్లం. ఎవరూ మా తలుపు తట్టలేదు.

మిద్దెసాగు: నేను తట్టాను. వాళ్లు తీయలేదు. లోపల టీవీ మోగుతూనే ఉంది.

ఆవకాయజాడీ: ఇద్దరూ కాసిన్ని మంచినీళ్లు తాగండి.

ఊరిచివర: ఇవన్నీ సరే కానీ, తీగలకి తగిలే కొమ్మని కొత్తపెరడు గారు సొంతంగా ముట్టుకోవద్దు. తడి కొమ్మలో కరెంటు పారుతుంది. విద్యుత్ సిబ్బందికి చెప్పి, లైను ఆపించాకే కొట్టించండి.

కొత్తపెరడు: ఫోన్ చేశానండీ, లైను ఆపి వస్తామన్నారు. తీగల వైపువి తీయించి, కోతలకి బోర్డో పూస్తాను. అత్తగారు పేడ అంటున్నారు, అది వేరే గొడవ. ఒక కొమ్మ మాత్రం పక్కింటి డాబా మీదికి వాలింది, దాని నిండా పూత. దాన్ని కూడా కొట్టించాలా?

గోదారిగట్టు: చెట్టు మీది. పూత ఉండగా ఎందుకు కొడతారు?

మిద్దెసాగు: పురుగు పడేది వాళ్ల డాబా మీద. వెళ్లి వాళ్లనడగండి, ఇక్కడ కాదు.