స్టెఫనోసెరాస్, నార్మనైటిస్: రెండు పేర్లా, ఒకటేనా?

ప్రశ్న
మధ్య జురాసిక్ శిలల్లో, ఒకే పొరలో, స్టెఫనోసెరాస్ అనే పెద్ద అమ్మోనైట్ (చుట్లు తిరిగిన గుల్ల ఉండి, ఇప్పుడు అంతరించిపోయిన సముద్ర జీవి) గుల్లలూ నార్మనైటిస్ అనే చిన్న గుల్లలూ కలిసి దొరుకుతాయి. ఇవి వరుసగా ఒకే జీవిలోని ఆడ, మగ రూపాలన్న అభిప్రాయం బలపడి చాలా కాలమైంది. అయినా రెండు ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) నామాలూ వాడుకలో ఉండడం సబబేనా?

మొదటి సమాధానం
నా దృష్టిలో సబబు కాదు. 1960ల తొలినాళ్లలో పురాజీవ శాస్త్రవేత్తలు మకోవ్‌స్కీ, కాలమన్ ఎవరికి వారుగా చూపించింది ఇదే: లోపలి చుట్లు రెండింటిలోనూ ఒకేలా సాగి, ఒక దశ దాటాక చిన్నది ఎదుగుదల ఆపేస్తుంది, పెద్దది మరికొంత చుట్టుకుంటూ పోతుంది. చిన్నది వట్టి పిల్ల గుల్ల కావచ్చునన్న సందేహానికి జవాబు గుల్ల మీదే ఉంది. అప్పటివరకు ఎడంగా ఉన్న సూచర్ గీతలు (లోపలి గదుల అడ్డుగోడలు గుల్ల గోడను కలిసే చోటి గీతలు) చివర్లో ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరగా వస్తాయి. ఎదుగుదల పూర్తయిందనడానికి అదే గుర్తు. పైగా దాని మూతి అంచుకు రెండు పక్కలా చెవుల్లాంటి నాలుకలు పొడుచుకొచ్చి ఉంటాయి, పెద్దదానికి అవి ఉండవు. ఒకే జాతిలోని రెండు లింగాలకు వేర్వేరు పేర్లు పెట్టిన సందర్భంలోనూ ముందు పెట్టిన పేరుకే ప్రాధాన్యమని జంతు నామకరణ నియమావళి స్పష్టంగా చెబుతోంది. కాబట్టి 1869లో వాగెన్ పెట్టిన స్టెఫనోసెరాస్ నిలవాలి, 1892 నాటి నార్మనైటిస్ తప్పుకోవాలి.

ప్రతివాదం
నియమంతో నాకు పేచీ లేదు, పేచీ అంతా జత కుదర్చడంలోనే. ఒకే పొరలో పెద్ద గుల్లల జాతులు నాలుగు, చిన్నవాటివి మూడు ఉన్నాయనుకుందాం. ఏది దేనికి జోడీయో ఎలా తేల్చగలం? తొందరపడి కలిపిన పేర్లను తరువాత విడదీయాలంటే పాత వ్యాసాలన్నీ తిరగేయాలి. జోడీ ఖాయమయ్యేదాకా పెద్దదానికి పెద్ద ఎం (M), చిన్నదానికి చిన్న ఎం (m) అక్షరం పేరు పక్కన తగిలించి ఊరుకోవడం మేలు. (పెద్దది ఆడదన్న మాట కూడా ఆడదే పెద్దదిగా ఉండే ఆర్గొనాట్ (ఒక రకం ఆక్టోపస్) వంటి నేటి జీవులను చూసి చేసిన ఊహే. నేటికీ బతికి ఉన్న గుల్ల జీవి నాటిలస్‌లో మగదే కాస్త పెద్దది.)

మొదటి సభ్యుని జవాబు
ఏది ఆడదో తేలకపోయినా పేరుకు వచ్చే నష్టం లేదు. చిన్న గుల్లల జాతి నామాలను కొట్టేయమని నేననలేదు. వాటిని అలాగే స్టెఫనోసెరాస్ కిందికి మార్చి, మీరన్న చిన్న ఎం తగిలిస్తే సరిపోతుంది. తొలుత నార్మనైటిస్‌గా వర్ణించిన జాతులకు వర్ణించినవారి పేరు, సంవత్సరం కుండలీకరణాల్లోకి వెళతాయి, అంతే.

ప్రతివాది జవాబు
ప్రజాతి వరకు అలా కలపడానికి ఒప్పుకుంటాను. కానీ జాతుల జాబితాలో ఒకే జీవి రెండు పేర్లతో మిగిలే ఉంటుంది కనుక, ఆ కాలపు జాతులను లెక్కించేవారు దాన్ని రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం అప్పటికీ పోదు.