లాంగ్ వీల్‌బేస్ సెడానా, మస్టాంగా? కొనేవాళ్లు దేన్ని చూసి తేల్చుకుంటారు?

జయపురం చక్రం: సెకండ్ హ్యాండ్‌లో 2017 లాంగ్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం ఎక్కువున్న) మెర్సిడెస్ ఈ-క్లాస్ సెడాన్, రెండు తలుపుల ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. కొరాపుట్, రాయగడ వైపు ఈ రెంటి మధ్య ఊగేవాళ్లున్నారు. చివరికి దేన్ని బట్టి తేల్చుకుంటారు?

సుంకి ఘాట్: మస్టాంగ్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి పొట్టకీ మధ్య ఖాళీ, 137 మి.మీ. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లకి పొట్ట రాసుకుంటుంది. ఇంకేటి ఆలోచించడం, సెడానే.

పర్లాకిమిడి వీ8: లెక్కేసి మాట్లాడండి గురువుగారూ. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) కొలతల ప్రకారం బ్రేకర్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల వ్యాసార్ధం. నాలుగు చక్రాలూ దాని మీదే ఉంటాయి కాబట్టి మధ్యలో పొట్టకి తగిలేది 10 సెం.మీ. కాదు. వీల్‌బేస్ వర్గాన్ని వ్యాసార్ధానికి 8 రెట్లతో భాగించండి. మస్టాంగ్ వీల్‌బేస్ 2720 మి.మీ., వచ్చేది 54 మి.మీ. ఈ-క్లాస్ 3079, వచ్చేది 70. పొడుగు బండికే గండం ఎక్కువ.

బరంపురం గల్లీ: రెండు తలుపుల బండికి తలుపు పొడుగు. మా సందుల్లో సగం కూడా తెరుచుకోదు.

సుంకి ఘాట్: ఊరోళ్లు పోసే సిమెంటు దిమ్మ అడుగు వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు. ముందు చక్రాలు దిగాక, వెనకవి ఎక్కేలోపు ఆ ఎత్తంతా పొట్టకే. నలుగురెక్కితే స్ప్రింగులు ఇంకా కుంగుతాయి. మీ లెక్క అక్కడ చెప్పండి.

పర్లాకిమిడి వీ8: ఐమూలగా, ఒక్కో చక్రం ఎక్కించాలి. నడపడం రాక బండిని తిడితే ఎలా?

సుంకి ఘాట్: మాట జాగ్రత్త తమ్ముడూ. ఈ-క్లాస్‌ని 2939 నుంచి 3079కి సాగదీసింది వెనక కూర్చున్నవాళ్ల కాళ్ల కోసం. మోకాళ్ల నొప్పులున్న తల్లిని, ముందు సీటు మడిచి, తల వంచి దూరమంటారా? ఇంటిల్లిపాదినీ చూసుకోకుండా అంత డబ్బు పోయడం తప్పు.

పర్లాకిమిడి వీ8: ఈ మాట మొదటే అనుంటే బ్రేకర్ల గొడవే లేదు. సంపాదించినవాడికి స్టీరింగ్ మీద ఆశ ఉండకూడదా? 4951 సీసీ ఇంజన్‌ని ఘాట్ మలుపులో స్టీరింగ్ వెనక ఉండే పాడిల్‌తో గేరు దించి లాగడానికే కొంటారు. డ్రైవరుకి తాళాలిచ్చి వెనక కూర్చోడానికి కాదు.

సుంకి ఘాట్: పెళ్లింటి ముందు వెనక తలుపులోంచి దిగడం కోసమే కొంటారు చాలామంది. ఆ గౌరవం చిన్నదేం కాదు.

జయపురం చక్రం: దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ఫోర్డ్ 2021లో ప్రకటించింది. మస్టాంగ్ విడిభాగాల మాటేంటి?

బరంపురం గల్లీ: బంపర్, హెడ్‌లైటు దెబ్బతింటే నెలల తరబడి బండి షెడ్డులోనే. కొనకముందే బీమా కంపెనీని అడగండి.

పర్లాకిమిడి వీ8: అది ఒప్పుకుంటాను. కానీ ఘాట్‌లో వెనక సీటోళ్లకే కడుపులో తిప్పేది, స్టీరింగ్ పట్టినవాడికి కాదు.

సుంకి ఘాట్: మెల్లగా నడిపే డ్రైవరుంటే వెనకాలోళ్లకీ తిప్పదు.