అప్‌డేట్: మా బాబు భాషా శిక్షణ

ఆటిజం ఉన్న మా నాలుగేళ్ల బాబుకు భీమవరంలో చూసిన రెండు భాషా శిక్షణ కేంద్రాలలో దేనిని ఎంచుకోవాలని మూడు నెలల క్రితం మిమ్మల్ని అడిగాను. మీరు చెప్పినట్టే ముందుగా థెరపిస్టుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నమోదు ఉందో లేదో అడిగాము. ఒకచోట చూపలేకపోయారు కనుక రెండవదానిలో చేర్చాము.

అక్కడ 1985లో అమెరికాలో రూపొందిన పెక్స్ (బొమ్మల కార్డుల మార్పిడి ద్వారా సంభాషణ) పద్ధతిని అనుసరిస్తున్నారు. ఆరు దశల ఈ పద్ధతిలో పిల్లవాడు తనకు కావలసిన వస్తువు బొమ్మ ఉన్న కార్డును ఎదుటివారి చేతికిచ్చి అడగడం మొదట నేర్చుకుంటాడు. కార్డులకు అలవాటుపడితే మాటలు రావేమోనని మా అత్తగారు భయపడ్డారు. పరిశోధనలు ఆ భయాన్ని సమర్థించడం లేదని థెరపిస్టు ఓపికగా వివరించారు.

కేంద్రంలో పలికించిన పదాలను కాక, ఇంట్లో ఎవరూ అడిగించకుండా వాడు తనంతట తాను అడిగినవాటినే లెక్కించాలని నిర్ణయించుకుని, చేర్చే ముందు వారం రోజులు నోటుపుస్తకంలో రాసుకున్నాను. అప్పుడు రోజుకు ఒకటో రెండో, ఇప్పుడు ఏడెనిమిది. మొన్న పాలకొల్లులో, ఈ శిక్షణ గురించి ఏమీ తెలియని మా పెద్దమ్మ అరచేతిలో పూతరేకు కార్డు పెట్టి, ఆవిడ ముఖంలోకి చూసి "రేకు" అన్నాడు. నా దృష్టిలో అసలైన ఫలితం అదే. మరో మూడు నెలలకు మళ్లీ వారం లెక్క రాస్తాను. పెరుగుదల లేకపోతే లక్ష్యాలు మార్చాలని థెరపిస్టుతో ముందే మాట్లాడి ఉంచాను.